ఏ పీటీ ఎంచుకోవాలి? డ్రగ్ టెస్టింగ్ ల్యాబ్‌ల కోసం ఒక పోలిక

ఏడాది చివర్లో క్వాలిటీ మేనేజరు టేబుల్ మీదకు ప్రావీణ్య పరీక్షల కేటలాగులు చేరతాయి. ల్యాబుల్లో ఎవరూ అంత పెద్ద మాట వాడరు, పీటీ అంటారు. నేనూ అదే వాడతాను. బయటి సంస్థ పంపిన శాంపిల్‌ను పరీక్షించి ల్యాబ్ తన పనితీరు చూపించుకునే పరీక్ష అన్నమాట. మూత్రానికి ఒక స్కీము, రక్తానికి ఒకటి, పట్టుబడిన పొడులకు ఒకటి, జుట్టుకు ఇంకొకటి. బడ్జెట్ అన్నిటికీ చాలదు. చాలా చోట్ల పోయినేడు దేనికి కట్టారో ఈసారీ దానికే కట్టేస్తారు. ఆడిట్‌కు వచ్చినవాళ్లకు చూపించడానికి సర్టిఫికెట్ ఉంటుంది, ఫైలు నిండుతుంది, ఎవరికీ టెన్షన్ ఉండదు.

కేటలాగు తెరిచే ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. శాంపిల్ మీ కౌంటర్ దగ్గరకు వచ్చినప్పటి నుంచి రిపోర్టు బయటకు వెళ్లే దాకా జరిగే పనులన్నీ వరసగా రాయండి. తీసుకోవడం, నంబరు వేయడం, చిన్న గొట్టంలోకి పోయడం, స్క్రీనింగ్ (తొలి వడపోత), హైడ్రాలిసిస్ (వేరే పదార్థంతో కలిసిపోయిన డ్రగ్‌ను విడగొట్టడం), ఎక్స్‌ట్రాక్షన్ (శాంపిల్‌లోంచి డ్రగ్‌ను బయటకు లాగడం), మెషీన్, లెక్క, రెండో మనిషి సరిచూడటం, టైపు, సంతకం. ఒక్కో పని పక్కన "ఇక్కడ తప్పు జరిగితే నాకు ఎలా తెలుస్తుంది?" అన్న ప్రశ్నకు జవాబు రాయండి. కొన్ని గళ్లు ఖాళీగా మిగులుతాయి. డబ్బు ఆ ఖాళీల మీద పెట్టాలి. కింద పోల్చిన పద్ధతులన్నిటినీ ఆ కాగితం ముందు పెట్టుకునే పోల్చాను.

ముందు ఇంటి లెక్క

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. పీటీ అప్పుడప్పుడు వచ్చిపోయే చుట్టం. రోజూ ఇంట్లో ఉండేవి బ్యాచ్ కంట్రోళ్లు, అంటే ప్రతి బ్యాచ్‌తో పాటు ఎక్కించే, ఏముందో ముందే తెలిసిన శాంపిళ్లు. అవి బలహీనంగా ఉన్న ల్యాబ్ ఎన్ని స్కీముల్లో చేరినా ఉపయోగం తక్కువ.

అమెరికాలో ఫెడరల్ ఉద్యోగుల డ్రగ్ టెస్టింగ్ కోసం 1988లో మొదలైన మార్గదర్శకాలు ఈ విషయంలో ఇప్పటికీ మంచి నమూనా. వాటి ప్రకారం స్క్రీనింగ్ బ్యాచ్‌లో కనీసం 10 శాతం క్యాలిబ్రేటర్లు (మెషీన్ కొలతను సరిచేసే, గాఢత తెలిసిన ద్రావణాలు), కంట్రోళ్లే ఉండాలి. డ్రగ్ లేనిది ఒకటి, కటాఫ్ (పాజిటివ్ అనడానికి పెట్టిన హద్దు) కంటే 25 శాతం ఎక్కువ ఉన్నది ఒకటి, కటాఫ్‌లో 75 శాతం ఉన్నది ఒకటి. వీటిలో కనీసం ఒక కంట్రోల్, అనలిస్టు కంటికి మామూలు శాంపిల్‌లాగే కనిపించాలి. ఈ చివరి మాటను చాలామంది చదివి వదిలేస్తారు. బ్యాచ్‌లో ఏది కంట్రోలో అనలిస్టుకు ముందే తెలిస్తే ఆ కంట్రోల్ మెషీన్‌ను పరీక్షిస్తుంది, మనిషి చేసే పనిని పరీక్షించదు.

కంట్రోళ్ల ఫలితాలను చార్టు మీద పెట్టడం అందరికీ తెలిసిందే. అయితే ఆ చార్టు ఎవరు చూస్తారన్నది వేరే ప్రశ్న. 2017లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఒక ప్రైవేటు టాక్సికాలజీ ల్యాబ్‌లో క్వాలిటీ కంట్రోల్ డేటానే మార్చారన్న సంగతి బయటపడి, 10,000కు పైగా కేసులను మళ్లీ చూడాల్సి వచ్చింది. మెషీన్ నుంచి వచ్చిన అసలు డేటాను బయటి మనిషి అప్పుడప్పుడు తెరిచి చూసే ఏర్పాటు లేకపోతే ఇలాంటిది ఏళ్ల తరబడి దాగిపోతుంది. పీటీ సర్టిఫికెట్ దీన్ని పట్టుకోలేదు. కాబట్టి మీ బడ్జెట్‌లో మొదటి వాటా కంట్రోళ్లకు, డేటా ఆడిట్‌కు వెళ్లాలి. మిగిలిన దానితోనే పీటీ ఎంపిక.

ఓపెన్ పీటీ: అందరూ చేసేది

బయటి సంస్థ శాంపిళ్లు పంపుతుంది, మీరు పరీక్షించి ఫలితం పంపుతారు, వాళ్లు స్కోరు ఇస్తారు. ల్యాబ్‌ల నాణ్యతా ప్రమాణమైన ఐఎస్ఓ/ఐఈసీ 17025:2017 లోని 7.7 క్లాజు ప్రకారం వీలున్నచోట పీటీలోనో, ఇతర ల్యాబ్‌లతో పోలికలోనో పాల్గొనాలి. అందుకని దీన్ని తప్పించుకోలేం. తప్పించుకోవాల్సిన పనీ లేదు. మీ క్యాలిబ్రేషన్ ప్రపంచంతో కలుస్తోందా, లేదా అన్నది ఇంత స్పష్టంగా చూపించేది మరొకటి లేదు. ఇంట్లో చేసిన కంట్రోలూ, క్యాలిబ్రేటరూ ఒకే సీసాలోంచి వస్తే రెండూ కలిసి తప్పుతాయి. పీటీలో మాత్రం ఆ తప్పు బయటపడుతుంది.

దీని లోపం అందరికీ తెలుసు, పైకి అనరు. చుట్టాలొస్తున్నారని తెలిస్తే ఇల్లు సర్దుకుంటాం కదా, అదే. పార్సెల్ రాగానే దాన్ని ల్యాబ్‌లో అందరికంటే సీనియర్ చేతికిస్తారు. కొత్త కాలమ్ వేస్తారు, ఆ ఉదయమే క్యాలిబ్రేటర్లు తాజాగా కలుపుతారు. కేసు శాంపిల్‌ను ఒక్కసారి ఎక్కిస్తే దీన్ని మూడుసార్లు ఎక్కించి సగటు తీస్తారు. రిపోర్టు పంపే ముందు ముగ్గురు చూస్తారు. ఇంత చేశాక వచ్చే స్కోరు ఆ సీనియర్ స్కోరు. రాత్రి షిఫ్టులో 80 శాంపిళ్లతో కుస్తీ పట్టే కుర్రాడి గురించి అది ఏమీ చెప్పదు.

ఇది నా ఊహ మాత్రమే అనుకోకండి. 1985లో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. మెథడోన్ (హెరాయిన్ లాంటి వాటి అలవాటు మాన్పించడానికి ఇచ్చే మందు) చికిత్సా కేంద్రాల కోసం పనిచేసే 13 ల్యాబ్‌లకు, ఆ కేంద్రాల ద్వారానే, రోగుల శాంపిళ్లలా కనిపించేలా పరీక్ష శాంపిళ్లు పంపించారు. కొకైన్ ఉన్న శాంపిళ్లలో తప్పుల శాతం ల్యాబ్‌ను బట్టి 0 నుంచి 100 దాకా ఉంది. అంఫెటమైన్లలో అన్నిటికంటే మంచి ల్యాబ్ కూడా 19 శాతం తప్పింది. డ్రగ్ లేని శాంపిళ్లలో మెథడోన్ ఉందని చెప్పిన తప్పులు ఒక ల్యాబ్‌లో 66 శాతానికి చేరాయి. పరీక్ష అని తెలిసిన శాంపిళ్ల మీద చూపే శ్రద్ధ మామూలు శాంపిళ్ల మీద చూపడం లేదని ఆ అధ్యయనం తేల్చింది. అప్పటికీ ఇప్పటికీ మెషీన్లు మారాయి. మనుషులు మారారని నేననుకోను.

ఓపెన్ స్కీముల్లో ఏది మంచిది?

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

మొదట చూడాల్సింది శాంపిల్ ఎలా తయారైందన్నది. గంజాయి తాగిన మనిషి మూత్రంలో టీహెచ్‌సీ యాసిడ్ (గంజాయి శరీరంలో మారి ఏర్పడే పదార్థం) చాలావరకు గ్లూకురోనైడ్‌గా, అంటే శరీరం దానికి అంటించిన చక్కెర ఆమ్లంతో కలిసి ఉంటుంది. దాన్ని విడగొట్టడానికే హైడ్రాలిసిస్ చేస్తాం. కానీ శుభ్రమైన మూత్రంలో విడి టీహెచ్‌సీ యాసిడ్ కలిపి పంపే స్కీములున్నాయి. ఆ శాంపిల్‌కు హైడ్రాలిసిస్ పూర్తిగా విఫలమైనా ఫలితం సరిగ్గానే వస్తుంది. మార్ఫిన్ విషయంలో ఇది ఇంకా ప్రమాదం. దాని గ్లూకురోనైడ్ క్షారంతో అంత తేలిగ్గా విడిపోదు, ఎంజైమో, ఆమ్లమో కావాలి. ఎంజైమ్ సీసా పాతబడితే కేసుల్లో మార్ఫిన్ తగ్గిపోతుంది, పీటీలో మాత్రం తగ్గదు. కాబట్టి ఆర్డరు పెట్టే ముందు స్కీము నడిపేవాళ్లకు ఒక మెయిల్ రాయండి: "మీ శాంపిళ్లలో గ్లూకురోనైడ్‌లు ఉంటాయా? వాడకందారుల మూత్రం కలుపుతారా?" సూటిగా జవాబివ్వని స్కీము మీద నాకు నమ్మకం తక్కువ.

జుట్టుకూ ఇదే సూత్రం. డ్రగ్ ద్రావణంలో నానబెట్టిన జుట్టులోంచి డ్రగ్‌ను బయటకు లాగడం సులువు. వాడినవాళ్ల జుట్టులో, వెంట్రుక పెరుగుతున్నప్పుడే లోపల చేరిన డ్రగ్‌ను లాగడం అంత సులువు కాదు. రెండో రకం జుట్టు పంపే స్కీము దొరికితే ఖరీదు ఎక్కువైనా అదే తీసుకోండి. రక్తం స్కీముల్లో డ్రగ్ విరిగిపోకుండా ఫ్లోరైడ్ కలిపారా, చల్లగా పంపుతున్నారా అన్నది అడగాలి. కొకైన్ దారిలోనే బెంజోయిల్ ఎక్గోనిన్‌గా మారిపోతే, మీరు కొలిచేది మీ ల్యాబ్ పనితనాన్ని కాదు, కొరియర్ ఆలస్యాన్ని.

రెండోది, సరైన జవాబు ఎక్కడి నుంచి వస్తుంది? కొన్ని స్కీములు తాము తూచి కలిపిన మొత్తాన్నే నిర్దేశిత విలువగా పెడతాయి. కొన్ని నిపుణ ల్యాబ్‌ల సగటు తీసుకుంటాయి. చాలా స్కీములు పాల్గొన్న అందరి ఫలితాల ఏకాభిప్రాయం తీసుకుంటాయి. పాల్గొనేవాళ్లు వందల్లో ఉంటే ఏకాభిప్రాయంతో పెద్ద పేచీ లేదు. తక్కువమంది ఉంటేనే కష్టం. పీటీ గణాంకాలకు ఆధారమైన ఐఎస్ఓ 13528 ప్రకారం, నిర్దేశిత విలువలో ఉండే అనిశ్చితి, స్కోరుకు వాడే సిగ్మాలో (ఫలితాల మధ్య ఒప్పుకునే తేడాకు స్కీము పెట్టిన కొలమానం) 0.3 వంతు కంటే తక్కువ ఉంటే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఏకాభిప్రాయ విలువ అనిశ్చితి సుమారు 1.25 ఇంటూ ల్యాబ్‌ల ఫలితాల విచలనం, భాగించు ల్యాబ్‌ల సంఖ్య వర్గమూలం. విచలనం సిగ్మాకు సమానం అనుకుంటే, 0.3 లోపు రావాలంటే కనీసం 18 ల్యాబ్‌లు కావాలి. 8 ల్యాబ్‌లే ఉంటే 0.44 వస్తుంది, అక్కడ వచ్చిన జెడ్ స్కోరు (మీ ఫలితం నిర్దేశిత విలువకు ఎన్ని సిగ్మాల దూరంలో ఉందో చెప్పే అంకె) చూసి సంబరపడటానికీ, బాధపడటానికీ ఏమీ లేదు. మీరు చేరబోయే స్కీములో, మీరు కొలిచే పదార్థానికి పోయిన రౌండులో ఎంతమంది ఫలితాలు పంపారో పాత రిపోర్టు అడిగి చూడండి. మొత్తం పాల్గొన్నవాళ్ల సంఖ్య వేరు, ఒక్కో పదార్థానికి సంఖ్య వేరు.

కొత్త రకం మత్తు పదార్థాల్లో ఏకాభిప్రాయం అసలు పనికిరాదు. ఫెంటనిల్ అనే మత్తుమందును పోలిన పదార్థం ఒకటి మెజారిటీ ల్యాబ్‌లకు దొరకకపోతే, దాన్ని పట్టుకున్న ల్యాబే తప్పు చేసినట్టు కనిపిస్తుంది. గుర్తింపు పరీక్షలకు, ఏం కలిపారో ఖచ్చితంగా తెలిసిన స్కీమునే నమ్మాలి.

మూడోది కటాఫ్. ఇక్కడ ఒక లెక్క చూపిస్తాను. టీహెచ్‌సీ యాసిడ్ నిర్దేశిత విలువ మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు, సిగ్మా 2 అనుకోండి. మీకు 14.2 వచ్చింది. జెడ్ స్కోరు మైనస్ 2.9. రెండు లోపు బాగున్నట్టు, రెండు నుంచి మూడు మధ్య అనుమానించాల్సినట్టు, మూడు దాటితే ఫెయిల్ అన్నది మామూలు లెక్క. అంటే మీరు ఫెయిల్ కాలేదు. కానీ నిర్ధారణ పరీక్షకు కటాఫ్ 15. మీ రిపోర్టులో ఆ మనిషి నెగటివ్. స్కోరు దృష్టిలో చిన్న జారుపాటు, కేసు దృష్టిలో తీర్పే తిరగబడింది. అందుకే శాంపిళ్లను కటాఫ్‌కు దగ్గరగా, రెండువైపులా పెట్టే స్కీము విలువైనది. ప్రతిసారీ కటాఫ్‌కు పదింతలు ఉన్న శాంపిళ్లు పంపే స్కీములో అందరూ పాసవుతారు, ఎవరూ ఏమీ నేర్చుకోరు.

నాలుగోది, మోసం చేసే శాంపిళ్లు పంపుతారా? 1990 ప్రాంతంలో జరిగిన సంగతి ఈ రంగంలో అందరూ తెలుసుకోవాల్సింది. జలుబు మందుల్లో ఉండే ఎఫెడ్రిన్, సూడోఎఫెడ్రిన్ మూత్రంలో బాగా ఎక్కువగా ఉంటే, కొన్ని డెరివటైజేషన్ పద్ధతుల్లో (మెషీన్‌కు అనువుగా డ్రగ్‌ను రసాయనికంగా మార్చే పద్ధతులు) జీసీ, అంటే గ్యాస్ క్రొమటోగ్రఫీ మెషీన్, ఇంజెక్టర్ వేడికి కొద్దిగా మెథాంఫెటమైన్‌లా మారిపోయేది. పదార్థాన్ని గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రమ్ కూడా మెథాంఫెటమైన్ అనే చెప్పేది. అంటే నిర్ధారణ పరీక్షే తప్పు చెప్పింది. ఆ తర్వాతే, మెథాంఫెటమైన్ పాజిటివ్ అనాలంటే శరీరంలో దాని నుంచి ఏర్పడే అంఫెటమైన్ కూడా మిల్లీలీటరుకు కనీసం 200 నానోగ్రాములు ఉండాలన్న షరతు పెట్టారు, ఇప్పుడది 100. ఇలాంటి ఉచ్చులను మధ్యమధ్యలో పెట్టే స్కీము మీ పద్ధతిలోని గుడ్డి చోట్లను చూపిస్తుంది. ఫలితం నెగటివ్ రావాల్సిన ఆ ఒక్క శాంపిల్ మిగిలిన నాలుగు పాజిటివ్‌ల కంటే ఎక్కువ నేర్పుతుంది.

చిన్న చిన్న విషయాలు కొన్ని. స్కీము నడిపే సంస్థకు ఐఎస్ఓ/ఐఈసీ 17043 (పీటీ నడిపేవాళ్ల ప్రమాణం) గుర్తింపు ఉందో లేదో చూడండి. రిపోర్టు మూడు నెలలకు వస్తే అప్పటికి ఆ క్యాలిబ్రేటర్ లాట్ అయిపోతుంది, కారణం వెతకడం కష్టం. ఫలితాల ఫారం ముందే తెప్పించుకుని చదవండి. పట్టుబడిన కొకైన్‌లో శాతం అడిగినప్పుడు బేస్‌గా రాయాలా, హైడ్రోక్లోరైడ్‌గా రాయాలా అన్నది ఫారంలో ఒక మూల ఉంటుంది. లవణంగా 50 శాతం ఉన్న పొడి బేస్‌గా 44.6 శాతమే. పద్ధతి బాగున్నా ఫారం చదవక ఫెయిలైన ల్యాబ్‌లను చూశాను. నవ్వొస్తుంది గానీ, కోర్టుకు వెళ్లే రిపోర్టులో అదే గందరగోళం జరిగితే నవ్వు రాదు.

ఉచితంగా దొరికేవి, పక్క ల్యాబ్‌తో మార్చుకునేవి

ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల, నేరాల కార్యాలయం 1995 నుంచి అంతర్జాతీయ స్థాయిలో ఇలాంటి ఉమ్మడి పరీక్షలు నడుపుతోంది. పట్టుబడిన పదార్థాలకు, శరీర ద్రవాలకు విడివిడిగా ఉంటాయి, ఏడాదికి రెండు రౌండ్లు. చిన్న ప్రభుత్వ ల్యాబ్‌కు, ముఖ్యంగా ఇప్పుడిప్పుడే మొదలుపెట్టేవాళ్లకు, నేను మొదట చెప్పేది ఇదే. ప్రపంచంలోని రకరకాల ల్యాబ్‌ల మధ్య మీరెక్కడున్నారో తెలుస్తుంది. ఏడాదికి రెండే రౌండ్లు కాబట్టి రోజూ వందల మూత్రాలు చూసే ల్యాబ్‌కు ఇదొక్కటే సరిపోదు.

రెండు మూడు ల్యాబ్‌లు కలిసి శాంపిళ్లు మార్చుకోవడం చవక, త్వరగా అయిపోతుంది. జుట్టు, లాలాజలం లాంటి అరుదైన వాటికి, ఏ స్కీములోనూ లేని కొత్త పదార్థాలకు ఇదే దారి. కానీ స్నేహితుల మధ్య పరీక్ష కాబట్టి ఫోన్లు నడుస్తాయి. "మీకెంత వచ్చింది?" అన్న ఒక్క ప్రశ్నతో దాని విలువ పోతుంది. ఫలితాలు మూడో మనిషికి ఒకే గడువులో చేరేలా పెట్టుకోండి. తేడా ఎంత ఉంటే ఫెయిల్ అన్నది శాంపిల్ పంచే ముందే రాసుకోండి. ఫలితాలు చూశాక రాసుకుంటే అందరూ పాసవుతారు.

బ్లైండ్: కష్టమైనా వదులుకోకూడనిది

ముందు ఒక మాట స్పష్టం చేసుకోవాలి. కేటలాగుల్లో బ్లైండ్ అన్న మాటను రకరకాలుగా వాడతారు. డోపింగ్ నిరోధక ల్యాబ్‌ల కోసం ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 'వాడా' మూడు రకాలు పంపుతుంది. ఓపెన్ అంటే నేర్పడానికి, పద్ధతులు పోల్చడానికి పంపేది. బ్లైండ్ అంటే అది పరీక్షేనని ల్యాబ్‌కు తెలుసు, అందులో ఏముందో తెలియదు. డబుల్ బ్లైండ్ అంటే అది పరీక్ష అన్న సంగతే తెలియదు. మామూలు క్రీడాకారుల శాంపిళ్లలో కలిసిపోయి వస్తుంది. మనం పైన ఓపెన్ పీటీ అన్నది నిజానికి వాడా లెక్కలో బ్లైండ్. ఇక్కడి నుంచి బ్లైండ్ అంటే నేను ఆ మూడో రకం గురించే మాట్లాడుతున్నాను.

తెల్లకాగితం మీద మిగిలిన ఖాళీలను ఎక్కువగా నింపేది ఇదే. ఒక ల్యాబ్ సంగతి చెబుతాను. మూడేళ్లుగా ఏ పీటీలోనూ ఫెయిల్ కాలేదు. బ్లైండ్ మొదలుపెట్టిన కొన్ని నెలలకే, పాజిటివ్ రావాల్సిన శాంపిల్ నెగటివ్‌గా వచ్చింది. మెషీన్ డేటా తీస్తే పక్క నంబరు శాంపిల్‌లో సరిగ్గా అంతే డ్రగ్ ఉంది. చిన్న గొట్టాల్లోకి పోసేటప్పుడు రెండూ తారుమారయ్యాయి. ఓపెన్ పీటీ శాంపిళ్లను అక్కడ విడిగా, ఖాళీ ర్యాక్‌లో, ఒక్కొక్కటిగా పోసేవాళ్లు. కాబట్టి ఎన్నేళ్లు గడిచినా పీటీ ఆ తప్పును చూపించేది కాదు.

బ్లైండ్ రెండు రకాలుగా నడపొచ్చు. ఒకటి, శాంపిళ్లు పంపే సంస్థే మధ్యలో పెట్టడం. అమెరికా రవాణా శాఖ నియమాల్లో ఇది చాలా కాలం ఉండేది: 2,000 లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు తాము పంపే శాంపిళ్లలో 1 శాతం, మూడు నెలలకు 50 మించకుండా, బ్లైండ్ పెట్టాలి. వాటిలో సుమారు 75 శాతం డ్రగ్ లేనివి, 15 శాతం పాజిటివ్‌లు, 10 శాతం కల్తీ చేసినవి లేదా మార్చేసినవి. 2018 జనవరి నుంచి ఆ నియమం తీసేశారు. నియమం పోయినా ఆ పాళ్లు మాత్రం మీ సొంత కార్యక్రమానికి మంచి మొదలు. అందరూ పాజిటివ్‌ల మీదే దృష్టి పెడతారు. డ్రగ్ లేని మనిషికి పాజిటివ్ అంటగట్టే తప్పును పట్టాలంటే డ్రగ్ లేని శాంపిళ్లే ఎక్కువ కావాలి.

రెండోది, ల్యాబ్ లోపలి నుంచే పెట్టడం. హ్యూస్టన్ ఫోరెన్సిక్ సైన్స్ సెంటర్ 2015లో టాక్సికాలజీతో మొదలుపెట్టి ఇతర విభాగాలకూ దీన్ని విస్తరించింది. అక్కడ వీలుపడటానికి కారణం, కేసులు తీసుకునే విభాగం వేరు, పరీక్షించే వాళ్లు వేరు కావడం. శాంపిల్ తెచ్చినవాళ్లతో అనలిస్టే నేరుగా మాట్లాడే ల్యాబ్‌లో బ్లైండ్ నడపడం దాదాపు అసాధ్యం. ముందు ఆ గోడ కట్టుకోవాలి. నిజానికి ఆ గోడ కట్టుకోవడమే సగం లాభం. కేసు కథ తెలియని అనలిస్టు ఫలితాన్ని కథకు తగ్గట్టు చూడడు.

బ్లైండ్‌ను అనలిస్టులు పట్టేసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ఒకచోట మూడో శాంపిల్‌కే తెలిసిపోయింది. సీసాలో సరిగ్గా 50 మిల్లీలీటర్లు ఉండటమే కారణం. నిజం శాంపిళ్లు 32, 47, 61 అలా వస్తాయి. మరోచోట లేబుల్ మీది చేతిరాత పట్టిచ్చింది. ఇంకోచోట అన్ని బ్లైండ్‌లకూ ఒకే మూత్రం వాడటంతో క్రియాటినిన్ (మూత్రంలో సహజంగా ఉండే, పలుచనైందో లేదో చెప్పే పదార్థం) ప్రతిసారీ ఒకే అంకె వచ్చింది. కాబట్టి పరిమాణం, రంగు, క్రియాటినిన్, ఫారం నింపిన పెన్ను, తెచ్చే మనిషి, తెచ్చే వేళ అన్నీ మారుతూ ఉండాలి. క్రియాటినిన్ డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల కంటే కాస్త తగ్గించి, సాంద్రత కూడా తగ్గించి ఒకటి పంపితే, పలుచన చేసిన శాంపిల్‌ను మీవాళ్లు గుర్తిస్తున్నారో లేదో కూడా తేలుతుంది. పంపే ముందు అందులో ఏముందో వేరే ల్యాబ్‌లో కొలిపించి, కాగితం సీలు కవరులో పెట్టండి. లేకపోతే తప్పు వచ్చినప్పుడు "శాంపిలే సరిగ్గా తయారు చేయలేదు" అన్న వాదన మొదలవుతుంది. రిపోర్టు బయటకు వెళ్లి ఏ దర్యాప్తు రికార్డులోకో చేరకుండా ఆపే మనిషి కూడా ఒకరుండాలి.

ఎన్ని పంపాలి? దీనికి ఒక మోటు లెక్క ఉంది. ఎన్ని బ్లైండ్‌లు పంపితే ఒక్క తప్పూ రాలేదో, ఆ సంఖ్యతో 3ను భాగించండి. 30 పంపి తప్పు రాకపోతే, అసలు తప్పుల రేటు 10 శాతం దాకా ఉండే వీలుందన్న మాట. 300 పంపితే 1 శాతం. చిన్న ల్యాబ్ ఏడాదికి 300 పంపలేదు. అందుకని చిన్న ల్యాబ్‌లో బ్లైండ్‌ను తప్పుల రేటు చెప్పుకోవడానికి వాడకండి. "మావాళ్లకు 20కి 20 సరిగ్గా వచ్చాయి, మా తప్పుల రేటు సున్నా" అని సాక్ష్యంలో చెప్పడం ఎదుటి లాయరుకు అవకాశం ఇవ్వడమే. పనుల్లో ఎక్కడ చిల్లులున్నాయో వెతకడానికి నెలకు ఒకటి రెండు చాలు.

మళ్లీ పరీక్షించడం

పట్టుబడిన డ్రగ్స్ చూసే ల్యాబ్‌లకు నేను దీన్ని పీటీ కంటే ముందు పెడతాను. పీటీలో వచ్చేది మెత్తగా నూరి, బాగా కలిపిన కాస్త పొడి. కేసులో వచ్చేది 200 పొట్లాలు. ఎన్ని తెరవాలి, ఏవి తెరవాలి, ఎలా తూచాలి, ముక్కలుగా ఉన్నది ఎలా కలపాలి అన్న వాటి మీదే అక్కడ తప్పులు జరుగుతాయి. ముగిసిన కేసుల్లోంచి యాదృచ్ఛికంగా కొన్ని తీసి, మొదటి ఫలితం తెలియని మరో అనలిస్టుతో మొదటి నుంచీ చేయిస్తే ఇవన్నీ బయటపడతాయి.

మరో కారణం కూడా ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక ప్రభుత్వ డ్రగ్ ల్యాబ్ కెమిస్టు పరీక్షలు చేయకుండానే ఫలితాలు రాసిన సంగతి 2012లో బయటపడింది. 2017లో 21,000కు పైగా కేసులు కొట్టేశారు. చేయని పరీక్షను చేసినట్టు రాసేవాళ్లు కూడా పీటీ శాంపిల్‌ను మాత్రం శ్రద్ధగా చేస్తారు. వాళ్లను పట్టేది కేసుల్లోంచి తీసిన మళ్లీ పరీక్షే. మిగతా అందరికంటే రెట్టింపు కేసులు పూర్తి చేసే అనలిస్టును మెచ్చుకునే ముందు, వాళ్ల కేసులే నాలుగు తీసి చూడండి.

ఇక ఎవరికి ఏది

రోజుకు వందల మూత్రాలు చూసే ల్యాబ్ అయితే: గ్లూకురోనైడ్‌లు, కటాఫ్ దగ్గరి శాంపిళ్లు ఉన్న ఒక మంచి స్కీము, మూడు నెలలకొకసారి. అమెరికా ఫెడరల్ కార్యక్రమంలో గుర్తింపు పొందిన ల్యాబ్‌లకూ పీటీ మూడు నెలలకొకసారే వస్తుంది. దీనికి తోడు శాంపిళ్లు పంపే సంస్థల ద్వారా బ్లైండ్. రెండో స్కీముకు డబ్బుంటే దాన్ని కూడా బ్లైండ్‌కే పెట్టమంటాను.

పట్టుబడిన డ్రగ్స్ చూసే చిన్న ల్యాబ్‌కు ఉచిత అంతర్జాతీయ పరీక్ష, మళ్లీ పరీక్షించే కేసులు, అక్రెడిటేషన్ అడిగితే ఒక చెల్లింపు స్కీము. మరణానంతర రక్తం చూసేవాళ్లకు ఏ స్కీమూ పూర్తిగా సరిపోదు. కుళ్లిన రక్తాన్ని ఎవరూ పార్సెల్ చేయరు. వాళ్లు మంచి రక్తం స్కీము ఒకటి తీసుకుని, తమ దగ్గర మిగిలిన పాత కేసు రక్తాలను పక్క ల్యాబ్‌తో మార్చుకోవాలి.

జుట్టు ల్యాబ్‌లకు ఒక హెచ్చరిక. టొరంటోలో పిల్లల సంరక్షణ కేసుల కోసం జుట్టు పరీక్షలు చేసిన ఒక ల్యాబ్ మీద 2015లో స్వతంత్ర సమీక్ష వచ్చింది. ఏళ్ల తరబడి ఇమ్యూనోఎస్సే (యాంటీబాడీలతో చేసే తొలి వడపోత పరీక్ష) ఫలితాలనే, మాస్ స్పెక్ట్రోమీటర్ నిర్ధారణ లేకుండా, తుది ఫలితంగా వాడారని అందులో తేలింది. మీరు కేసులో ఏ పద్ధతి వాడుతున్నారో పీటీకీ అదే వాడండి. పీటీకి ఒకటి, కేసుకు ఒకటి అయితే ఆ స్కోరు ఇంకెవరిదో.

స్కోరు వచ్చాక

ఒక్క రౌండులో 12 పదార్థాలు కొలిస్తే, అంతా సవ్యంగా ఉన్నా కనీసం ఒకదాని జెడ్ స్కోరైనా 2 దాటే అవకాశం దాదాపు 43 శాతం. అందుకని 2.1 చూసి నిద్ర పాడు చేసుకోకండి. నన్ను కంగారు పెట్టేది వేరే వరస: మైనస్ 1.4, మైనస్ 1.6, మైనస్ 1.3, మైనస్ 1.5. నాలుగు రౌండ్లూ పాస్. ఆడిటర్ తల ఊపి పేజీ తిప్పేస్తాడు. కానీ ఇది ఎప్పుడూ ఒకే వైపు తగ్గుతోంది. క్యాలిబ్రేటర్ గాఢత లెక్క, పిపెట్, గొట్టం గోడలకు అంటుకుపోయే టీహెచ్‌సీ యాసిడ్, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. కటాఫ్‌కు కాస్త పైన ఉన్నవాళ్లు ఏడాదంతా నెగటివ్‌గా వెళ్లిపోతున్నారు. జెడ్ స్కోర్లను పదార్థం వారీగా ఒకే గ్రాఫు మీద ఏళ్ల పాటు గీస్తేనే ఇది కనిపిస్తుంది.

పార్సెల్ వచ్చిన రోజు డ్యూటీలో ఎవరుంటే వాళ్లే చేయాలి, కేసులున్న బ్యాచ్‌లోనే, ఒక్కసారే ఎక్కించాలి. ఇది రాతపూర్వకంగా పెట్టండి, లేకపోతే సీనియర్ చేతికే వెళుతుంది. మిగిలిన శాంపిల్‌ను రిపోర్టు రాగానే పారబోయకండి. ఫ్రీజర్‌లో పెట్టి, స్థిరంగా ఉండే పదార్థాలను ఆరు నెలల తర్వాత కొత్తగా చేరిన అనలిస్టుకు వేరే నంబరుతో ఇవ్వండి. జవాబు అప్పటికే మీ ఫైల్లో ఉంటుంది.